మాల తీశాక కూడా నిలిచే నియమాలు రాసుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది చీపురుపల్లి దగ్గర ఊరు, విజయనగరంలో ఒక చిన్న రుణాల సంస్థలో ఫీల్డ్ ఆఫీసరుగా చేస్తున్నారు. ఏటా అయ్యప్ప మాల వేసుకుంటారు. దీక్షలో ఉన్న 41 రోజులూ అబద్ధం ఆడరు, గొంతు పెంచరు, మందు ముట్టరు. మాల తీసిన వారానికి అన్నీ మామూలే. వెళ్లని ఇంటికి వెళ్లినట్టు వెరిఫికేషన్ ఫారం మీద సంతకం పెట్టేస్తున్నారు, ఇంటికొచ్చి భార్య మీద విసుక్కుంటున్నారు. "నా భక్తి ఉత్తిదేనా? ఏడాదంతా నిలిచేలా నా మతం నుంచే నాకంటూ కొన్ని నియమాలు తయారు చేసుకోవాలంటే ఎలా? గీత తెరిచాను, 700 శ్లోకాల్లో ఏది పట్టుకోవాలో తెలియడం లేదు" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ముందు గీత మూసి, మీరు రోజూ జారిపోయే చోట్లు ఏవో చూడండి. అవి మూడో నాలుగో ఉంటాయి, అంతకంటే ఎక్కువ ఉండవు. ఒక్కో చోటుకి ఒక్కో నియమం రాసుకోండి. ఆ నియమంలో మీ చెయ్యి ఏం చేస్తుందో, మీ నోరు ఏం మాట్లాడుతుందో ఉండాలి. దానికి ఆధారంగా మీరు నిజంగా నమ్మే మాట ఒకటి శాస్త్రంలోంచో పురాణంలోంచో తెచ్చుకోండి. మిమ్మల్ని నిలదీసి అడగగలిగే మనిషికి ఒకరికి చెప్పండి. పని ఇంతే. ఇలా ఎందుకంటున్నానో మిగతాది.

నేను పండితుణ్ణి కాను. పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసి, ఇప్పుడు దాన్ని మా అబ్బాయికి అప్పగించి, సాయంత్రాలు మా వీధి రామమందిరంలో భారతం చదివి అర్థం చెప్తుంటాను. వినడానికి వచ్చే కుర్రాళ్లు చాలామంది ఇదే అడుగుతారు. కాకపోతే మీలాగ దీక్ష పేరెత్తి అడిగినవాళ్లు తక్కువ. జవాబు సగం అందులోనే ఉంది.

మీ భక్తి ఉత్తిది కాదు బాబూ. అయితే ఆ 41 రోజులూ మిమ్మల్ని నిలబెట్టింది భక్తి ఒక్కటే అనుకోకండి. నల్లబట్టలు, మెడలో మాల చూసి ఊరంతా "స్వామీ" అని పిలుస్తారు. అలా పిలిచిన మనిషి ముందు తిట్టు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. పీఠం దగ్గర గురుస్వామి ఉంటారు, సాయంత్రం పూజకు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. చన్నీళ్ల స్నానం, నేల పడక, చెప్పుల్లేని నడక వంటి నియమాలన్నీ చేశావా లేదా అంటే ఒక్క ముక్కలో జవాబు చెప్పగలిగేవి. "మనసు నిర్మలంగా ఉంచుకో" అని కూడా చెప్తారు గానీ, రోజు గడిచేది మాత్రం ఆ స్నానంతో, ఆ పడకతో. వీటన్నిటితోపాటు ముగిసే తేదీ ఒకటి ఉంటుంది. దీక్షకు అది బలం, మీ కోరికకు మాత్రం అదే అడ్డం. ఇరుముడి దించాక ఏం చేయాలో ముందే ప్లాను వేసుకునే స్నేహితులు అందరికీ ఉంటారు, మీకూ ఉండే ఉంటారు.

కాబట్టి దీక్షలోంచి మూడు తెచ్చుకోండి: చేశానో లేదో చెప్పగలిగే నియమం, అడిగే మనిషి, రోజూ ఒకే వేళ. బట్టల రంగు, తేదీ వదిలేయండి.

జారే చోట్లు కనిపెట్టడానికి ఒక పక్షం రోజులు ఓ చిన్న పుస్తకం పెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు, ఆ రోజు గురుస్వామికి చెప్పడానికి నోరు రాని పని ఏదైనా చేశానా, డబ్బు కోసం చేశానా, భయపడి చేశానా, కోపంతో చేశానా, ఇంతే రాయండి. ఈ పని దేవుడి గదిలో కూర్చుని చేయొద్దని నా సలహా. అక్కడ కూర్చుంటే అందరం ఉదాత్తంగా రాసేస్తాం. అహింస, సత్యం, దయ, సర్వప్రాణుల మీద ప్రేమ అని అందంగా రాసి, ఫ్రేము కట్టించి, లక్ష్మీదేవి పటం పక్కన తగిలించిన దుకాణం ఒకటి నాకు తెలుసు. సరిగ్గా దాని కిందే కాటా ఉండేది. ఆ కాటా సంగతి ఊళ్లో అందరికీ తెలుసు.

కాటా అన్నాను గనక నా పనిలోంచే చెప్తాను. మా దగ్గర రైతు జీడి పిక్కలు 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతాడు. పిక్కలో తేమ ఉంటుంది, ఎండితే బరువు తగ్గుతుంది, అందుకని వ్యాపారి తరుగు తీస్తాడు. తరుగు తీయడంలో తప్పు లేదు. తూకం అయ్యాక, బస్తా లోపలికి వెళ్లాక, రైతు డబ్బు కోసం చెయ్యి చాచినప్పుడు "తేమ ఎక్కువుంది, ఇంకో రెండు కిలోలు పోతాయి" అనడంలో ఉంది. బస్తా మళ్లీ బండెక్కించుకుని వెళ్లలేడని ఇద్దరికీ తెలుసు. పిక్కల సీజనులో మా వ్యాపారంలో జారే చోటు అదే. నా నియమం ఒకే వాక్యం: తరుగు ఎంతో తూకానికి ముందే చెప్తాను, ముల్లు చూస్తూ రైతు కాటా పక్కనే నిలబడతాడు. దీనికి నాకు ఆధారం తిక్కన గారి "ఒరులేయవి యొనరించిన" పద్యం. ఎదుటివాళ్లు ఏం చేస్తే నీ మనసుకు కష్టమో అది నువ్వు వాళ్లకి చేయకు, ధర్మాలన్నిటికీ అదే ఆధారం అంటుంది. చిన్నప్పుడు బళ్లో అందరం బట్టీపట్టిందే. నేను బండి మీద బస్తాతో వచ్చిన రైతునైతే నాకేం కష్టం అనుకుంటే నియమం దానంతట అదే వచ్చింది.

దీనివల్ల వ్యాపారం పెరిగిందా అంటే, లేదు. ధర ఎక్కువ చెప్పి తరుగులో లాక్కునేవాళ్ల దగ్గరికే చాలా బస్తాలు వెళ్లేవి. వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. ధర్మంగా ఉంటే లాభం దానంతట అదే వస్తుందని ఎవరైనా చెప్తే వాళ్ల లెక్కల పుస్తకం చూపించమనండి.

ఇక ఆధారాలు ఎక్కడ వెతకాలన్నది. గీతలో మీకు ఇప్పుడు పనికొచ్చేది పదిహేడో అధ్యాయం. 14, 15, 16 శ్లోకాల్లో శరీరంతో చేసే తపస్సు, మాటతో చేసే తపస్సు, మనసుతో చేసే తపస్సు విడివిడిగా చెప్పారు. పదిహేనోది, "అనుద్వేగకరం వాక్యం సత్యం ప్రియహితం చ యత్", వసూళ్లకు వెళ్లే మనిషికి సరిగ్గా సరిపోతుంది. మాట నిజమై ఉండాలి, ఎదుటి మనిషిని కలవరపెట్టకూడదు, ప్రియంగా ఉండాలి, మేలు చేయాలి. నాలుగూ ఒకేసారి ఉండాలి. పదహారో అధ్యాయం మొదట్లో 26 దైవీ గుణాల జాబితా ఉంది, చదవడానికి బాగుంటుంది, కానీ దాన్ని నియమాలుగా మార్చబోతే మళ్లీ ఆ ఫ్రేము కట్టిన పటమే అవుతుంది.

పూజలకీ నడవడికకీ ఉన్న లెక్క తేలక చాలామంది సతమతమవుతారు. పాతకాలపు ధర్మశాస్త్ర గ్రంథం గౌతమ ధర్మసూత్రాల్లో దీనికి సూటి జవాబు ఉంది. ముందు 40 సంస్కారాలు, అంటే జరిపించాల్సిన కర్మకాండలు, చెప్పి, తర్వాత ఎనిమిది ఆత్మగుణాలు చెప్తారు: సర్వభూతాల మీద దయ, ఓర్పు, అసూయ లేకపోవడం, శుచి, ఒళ్లు హూనం చేసుకునేంత శ్రమకు పోకపోవడం, మంగళకరమైన నడత, లోభం లేకపోవడం, ఆశ లేకపోవడం. ఆ పైన, 40 సంస్కారాలూ జరిగినా ఈ ఎనిమిదీ లేనివాడు బ్రహ్మసాయుజ్యం పొందడనీ, సంస్కారాల్లో కొన్నే జరిగినా ఈ గుణాలున్నవాడు పొందుతాడనీ చెప్పేశారు. ఇది ఎవరో సంస్కర్త నిన్న మొన్న చెప్పిన మాట కాదు, ధర్మసూత్రంలోదే.

అవే గ్రంథాల్లో కులాన్ని బట్టి ఒకరికో ధర్మం, ఒకరికో శిక్ష చెప్పిన చోట్లు కూడా ఉన్నాయి. దాచిపెట్టి లాభం లేదు, మీరే చదువుతారు. నేను వాటిని తీసుకోను. ఎనిమిదింటిలో మొదటిదే అన్ని ప్రాణుల మీద దయ అన్నాక, దానికి ఎదురు వెళ్లే మాట దానికంటే పెద్దది కాలేదని నా లెక్క. ఒప్పుకోనివాళ్లు ఉంటారు. వాళ్లతో వాదించడం నేను మానేసి చాలాకాలమైంది.

ఇప్పుడు అసలైన చిక్కు. నియమం రాసుకున్న నెలకే "ఇప్పుడు మాత్రం తప్పదు" అనే రోజు వస్తుంది. అప్పుడు మన జనం ఒక పద్యం తీస్తారు: "వారిజాక్షులందు వైవాహికములందు". పెళ్లిళ్లలో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు, డబ్బూ పరువూ పోయేటప్పుడు బొంకవచ్చు, పాపం రాదు అని. పెళ్లి సంబంధాల్లో కుర్రాడి జీతం పెంచి చెప్పడం దగ్గర్నుంచి భూమి కొలతల దాకా ఈ పద్యం మీదే నడిచిపోతుంది. భాగవతంలో ఆ మాట అన్నదెవరో ఎవరూ గుర్తు చేసుకోరు. శుక్రాచార్యుడు, బలి చక్రవర్తితో, వామనుడికి ఇచ్చిన మాట వెనక్కి తీసుకోమని చెప్తూ అన్నది. బలి వినలేదు. రాజ్యం మొత్తం పోతుందని తెలిసీ మూడడుగులు ఇచ్చాడు. ఆ కథ బలిది. మనం శుక్రుడి సలహా ఒక్కటీ కత్తిరించుకుని జేబులో పెట్టుకున్నాం.

అలాగని నిజం చెప్పేస్తే చాలా? కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెప్తాడు. ఎప్పుడూ సత్యమే పలకాలని వ్రతం పట్టిన తపస్వి. దొంగలకు భయపడి కొందరు అతని ఆశ్రమం దగ్గర అడవిలోకి పారిపోయారు. దొంగలు వచ్చి ఎటు వెళ్లారని అడిగితే ఉన్నదున్నట్టు చూపించాడు. దొంగలు వాళ్లను చంపేశారు. కౌశికుడు నరకానికి పోయాడు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. బలి సత్యానికి ఖరీదు బలే కట్టాడు. కౌశికుడి సత్యానికి ఖరీదు ఎవరో కట్టారు, అతని ఒంటి మీద గీత కూడా పడలేదు. చిక్కు వచ్చిన ప్రతిసారీ నేను వేసుకునే ప్రశ్న ఇక్కడిదే: నా నియమం ఖర్చు ఎవరి మీద పడుతోంది? నా మీద పడితే భరించాలి, సాకు వెతకకూడదు. ఇంకొకరి మీద పడితే ఆగి ఆలోచించాలి, తప్పదనుకుంటే ఆ ఖర్చులో భాగం నేనూ పంచుకోవాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. తర్వాత పరిహారం కోసం పడిపోయిన చెట్ల లెక్కలు రాశారు. నాకు పిక్కలు పోసే ఒక వితంతువు తోటలో కొన్ని చెట్లు పూర్తిగా పోయాయి, కొన్ని కొబ్బరి చెట్లు మొవ్వు దెబ్బతిని నిలబడి ఉన్నాయి. అన్నీ పడిపోయినట్టు సాక్షి సంతకం పెట్టమని వచ్చింది. "నిలబడ్డాది గానీ బాబూ, కాయేటి కాస్తాది? పడిపోయినట్టే గదా" అంది. ఆమె అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. చుట్టుపక్కల చెక్కుచెదరని చెట్లకి కూడా రాయించుకున్నవాళ్లు ఉన్నారని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

నేను సంతకం పెట్టలేదు. కానీ అక్కడితో ఇంటికొచ్చి కాళ్లు చాపుకుంటే నేను కౌశికుణ్ణే. నా నిజాయితీకి ఖర్చు ఆమె సంసారం కడుతోంది మరి. తోట ఇంకా చనిపోయిన మామగారి పేరునే ఉంది, దానివల్ల అసలు రావాల్సింది కూడా ఆగేలా ఉంది. ఆ కాగితాల కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ ఆమెతో తిరిగాను. రాబోయే పంట మీద వడ్డీ లేకుండా అడ్వాన్సు ఇచ్చాను. అయినా పక్కవాళ్లకు వచ్చినంత ఆమెకు రాలేదు. చాన్నాళ్లు నాతో ముభావంగానే ఉండేది. అది ఆమె హక్కు అనుకున్నాను.

ఈ ప్రశ్నను మీ ఫారం మీద పెట్టి చూడండి. వెళ్లకుండా సంతకం పెడితే మీ టార్గెట్ పూర్తవుతుంది. అప్పటికే రెండు అప్పులున్న మనిషికి మూడోది వెళ్తుంది, ఆమె కట్టలేకపోతే ఆమెకు పూచీ ఉన్న గ్రూపులో మిగతా ఆడవాళ్ల మీద పడుతుంది. ఖర్చంతా వాళ్లది. అదే "గుమ్మం దాకా వెళ్లని ఇంటి ఫారం మీద సంతకం పెట్టను" అని నియమం పెట్టుకుంటే ఖర్చు మీ ఇన్సెంటివ్ మీద, మేనేజరు చూపించే మొహం మీద. కాబట్టి ఇందులో ధర్మసందేహం లేదు, కష్టం మాత్రమే ఉంది. మీ వల్ల బ్రాంచి టార్గెట్ తగ్గి తోటివాళ్ల ఇన్సెంటివ్ కూడా పోయేట్టుంటే వాళ్లకు ముందే చెప్పండి, నెలాఖరున బాంబు పేల్చకండి.

వసూళ్ల విషయంలో నేనైతే ఇలా రాసుకుంటాను: "వాయిదా కట్టలేకపోయిన మనిషితో ఆమె పిల్లల ముందు, ఇరుగుపొరుగు ముందు ఆ మాట ఎత్తను." పైన చెప్పిన గీత శ్లోకమే దీనికి ఆధారం. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేసి వేధించకూడదని మైక్రో ఫైనాన్స్ రుణాలకు రిజర్వ్ బ్యాంకు 2022లోనే నియమం పెట్టింది, మీకు ట్రైనింగులో చెప్పే ఉంటారు. చట్టం అడిగినంత చేయడం ఉద్యోగం. మీ నియమం దాని పైమెట్టు నుంచి మొదలవ్వాలి, లేకపోతే దానికి దేవుడి పేరు ఎందుకు?

ఇంట్లో విసుగుకి "కోపగించుకోను" అని రాస్తే మూడో రోజుకే పోతుంది. "ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, దీపం ముందు నిమిషం నిలబడ్డాకే మాట్లాడతాను" అని రాసుకుంటే చేశారో లేదో మీకే తెలుస్తుంది. మందు గురించి నాకు అనుభవం లేదు. మానాలనుకున్న రోజు మానలేకపోతుంటే డాక్టరుకి చూపించుకోండి, దాన్ని భక్తితో ముడిపెట్టి తిట్టుకోకండి.

అడిగే మనిషి సంగతి. భార్యను పెట్టుకోకండి. ఆవిడకి మీ నియమం వల్ల లాభనష్టాలు ఉన్నాయి, పైగా ఇంట్లో ఇన్‌స్పెక్టరు పని అప్పగించినట్టు అవుతుంది. మీ గురుస్వామి ఒప్పుకుంటే ఆయనే మేలు, నెలకోసారి చాలు. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి పదకొండో అనువాకంలో, చదువు ముగించి వెళ్లే శిష్యుడికి గురువు చివర్లో ఇదే చెప్తాడు: ఏం చేయాలో సందేహం వస్తే, ఆలోచన ఉన్నవాళ్లు, ఇంకొకరి చేతి కింద లేనివాళ్లు, కటువు కానివాళ్లు, ధర్మమే కోరేవాళ్లు అలాంటి సందర్భంలో ఎలా నడుచుకుంటారో చూసి అలా నడుచుకో అని. మనిషిని ఎంచుకునేటప్పుడు ఆ నాలుగూ చూసుకోండి. కటువు కానివాడు అన్నది మరీ ముఖ్యం. తప్పు చెప్పుకోగానే విరుచుకుపడే మనిషికి రెండోసారి ఎవరూ నిజం చెప్పరు.

నియమం తప్పిన రోజు హుండీ దగ్గరికి వెళ్లకండి. అరసవల్లిలో వేసే నూట పదహార్లు, నోరు జారిన మీ మాట పడ్డ మనిషికి చేరవు. ఆ మనిషి దగ్గరికి వెళ్లి సరిచేసుకుని, తర్వాత గుడికి వెళ్లండి, స్వామి ఎక్కడికీ పోడు.

ఇదంతా హిందువులకేనా అని కింద కామెంట్లలో ఒకరు అడిగారు. పద్ధతి ఎవరికైనా ఒకటే. కాశీబుగ్గలో నా స్నేహితుడొకాయన ముస్లిం. తూకంలో తగ్గించేవాళ్లకు వినాశనం అని ఖురాన్ 83వ సూరా మొదట్లోనే ఉందని ఆయనే నాకు చూపించారు. జకాత్, అంటే పేదలకు తీసి ఇవ్వాల్సిన వాటా, రెండున్నర శాతం రంజాన్‌లో లెక్కగట్టి తీసేస్తారు, ఆ లెక్క దగ్గర బేరం ఉండదు. మా దగ్గర పప్పు గ్రేడింగు చేసే ఒక క్రైస్తవ సోదరి "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు" అన్న మత్తయి సువార్త వాక్యం పట్టుకుని, గుండు పప్పులో ఒక్క బద్ద కలిసినా ఒప్పుకునేది కాదు. మా అబ్బాయికి ఆవిడంటే ఇప్పటికీ కొంచెం భయం.

మూడు నియమాలతో మొదలుపెట్టండి, నాలుగోది వచ్చే ఉగాది దాకా రాయొద్దు. మీ మేనేజరు ఆ ఫారాల విషయంలో ఏమన్నారో వీలైతే ఇక్కడే రాయండి. ఇదే ఉద్యోగంలో ఉన్న ఇంకో ఇద్దరు ముగ్గురు ఈ ప్రశ్న చూస్తున్నారు, వాళ్లకి నా మాట కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.